నిదానం లేదు

పదిహేడో అభ్యర్థి వచ్చి కుర్చీలో సర్దుకునేసరికి ప్రొఫెసరమ్మ అదే ప్రశ్నను పదిహేడోసారి అడిగింది.

"అరవై రెండేళ్ళ మనిషి. సాయంత్రం ఆరున్నరకు క్యాజువాలిటీకి నడిచి వచ్చాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచీ పొట్ట పైభాగంలో మంట అంటున్నాడు. షుగరు ఉంది. కాస్త చెమట పట్టింది. ఏం చేస్తావు బాబూ?"

కుర్రాడు ఆమె మాట పూర్తికాకముందే తల ఊపడం మొదలుపెట్టాడు. "గ్యాస్ట్రైటిస్ మేడమ్. ఇంజెక్షన్ చేసి, మాత్రలు రాసి పంపించేస్తాను."

"పంపించేస్తావు."

"అవును మేడమ్. తగ్గకపోతే రేపు రమ్మంటాను."

ఆమె కాగితం మీదకు వంగింది. పక్క కుర్చీలో హెడ్డుగారు, అంటే మెడిసిన్ డిపార్టుమెంటుకు పెద్దాయన, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూడో అభ్యర్థి దగ్గరే ఆయనకు సంగతి అర్థమైంది. ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు, ఆవిడ ఇంట్లోది. రెండు నెలల క్రితం ఆవిడ బావగారు ఇదే ఆసుపత్రికి ఇవే మాటలు చెప్పుకుంటూ వచ్చారు. ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ కూలిపోయారు. అది మంట కాదు, గుండెపోటు. ఈసీజీ తీసి ఉంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది.

ఆయన్ని చూసి పంపించింది మెరుపు. అతని అసలు పేరు వార్డులో సగం మందికి తెలియదు. మిగతావాళ్ళు ముగ్గురు రోగుల్ని చూసే వ్యవధిలో పదిమందిని చూసేస్తాడని ఎవరో పెట్టిన పేరు అది. రెసిడెన్సీలో చేరి మూడో ఏడు. ఆ సాయంత్రం బావగారికి బాగోలేదని అక్క కంగారుగా ఫోన్ చేస్తే, మీటింగులో కూర్చుని, మెరుపు డ్యూటీలో ఉన్నాడు, అతని దగ్గరకు పంపించమని చెప్పింది ప్రొఫెసరమ్మే. ఆ మాట ఆమెను నిద్రలోనూ, మెలకువలోనూ వదలడం లేదు. క్యాజువాలిటీలో కిటికీ పక్కనున్న రెండో బల్ల మీదుగా చూపు పోనివ్వకుండా నడవడం అలవాటు చేసుకుంది. అయినా ఆ బల్ల మీద ఎవరో ఒకరు పొట్ట పట్టుకుని కూర్చునే కనిపిస్తారు.

దానికి తోడు ఇంకొకటి. బావగారు పోయాక అక్క ఈమె దగ్గరే ఉంటోంది. నెల క్రితం ఉన్నట్టుండి అడిగింది. "ఆ అబ్బాయిని మీ ఆసుపత్రివాళ్ళే ఏరుకున్నారటగా. నువ్వూ ఉన్నావా అందులో?"

"ముగ్గురం ఉంటాం అక్కా," అని ప్రొఫెసరమ్మ నీళ్ళు నమిలింది. మర్నాడే ఆఫీసుకు వెళ్ళి మూడేళ్ళ క్రితం నాటి అచ్చు జాబితా తీయించి చూసింది. మెరుపు పేరు పైనుంచి మొదటిది. ఆమె పేరున్న గడిలో పదికి తొమ్మిది. తానేం చూసి అంత మురిసిపోయిందో, ఏం రాసిందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అప్పట్నుంచీ అక్క ఎదురుగా కూర్చుని భోజనం చేయడం కష్టంగా ఉంది. ఆ తొమ్మిది తనది కాదని ఎవరైనా చెబితే బాగుండునని, అలా ఎవరూ చెప్పలేరని తెలిసీ, ఆశపడుతోంది.

ఆ ఆసుపత్రిలో ఎంపిక పద్ధతి చిత్రమైనది. ఏటా ఆరు రెసిడెన్సీ సీట్లకు నలభై మందిని పిలుస్తారు. పరీక్ష మార్కులు ఎలాగూ ఉంటాయి. ఇంటర్వ్యూలో కూర్చున్న ముగ్గురూ మాత్రం అంకెలు వేయరు. మనుషులకు మార్కులేమిటని, రిటైరైపోయిన పాత హెడ్డుగారు ఎనిమిదేళ్ళ క్రితం ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో అభ్యర్థి పేరు ఎదురుగా ఒక్క మాట రాయాలి, మనిషి ఎలాంటివాడో చెప్పే మాట. ఆ మాటల్ని మొత్తంలో ఎలా కలుపుతారో ఆఫీసువాళ్ళకే తెలుసు. హెడ్డుగారు అందరికీ "చురుకు" అనో "ఫరవాలేదు" అనో రాసేవారు. కొత్తగా కమిటీలోకి వచ్చిన మూడో మనిషి, అందరూ లెక్కల డాక్టరు అని పిలిచే యువకుడు, ప్రతి పేరు దగ్గరా కలం పట్టుకుని తెగ ఆలోచిస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇరవై మూడో అభ్యర్థి వచ్చింది. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే అమ్మాయి. ఫైలు బల్ల మీద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. ప్రొఫెసరమ్మ అరవై రెండేళ్ళ మనిషి గురించి చెప్పింది. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. హెడ్డుగారు గడియారం చూశారు.

"ఆయనతో ఎవరైనా వచ్చారా మేడమ్?" అని అడిగింది అమ్మాయి చివరికి.

ఇందాకటి ఇరవై రెండు మందిలో ఎవరూ అడగని ప్రశ్న అది. "ఒక్కడే వచ్చాడు," అంది ప్రొఫెసరమ్మ.

"మెట్లెక్కితే మంట ఎక్కువవుతోందా?"

"ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతాను. ఇదీ అని వెంటనే చెప్పలేను మేడమ్. ఆయన్ని పడుకోబెట్టి ఈసీజీ తీస్తాను. అది చూసి కూడా తేలకపోతే పెద్దవాళ్ళనెవరినైనా పిలుస్తాను."

"ఇలా ఒక్కో మనిషి దగ్గర కూర్చుంటే, బయట ముప్ఫై మంది ఉంటారు కదమ్మా?" అన్నారు హెడ్డుగారు.

అమ్మాయి మళ్ళీ ఆగింది. "ఉంటారు సార్," అంది.

ఆమె వెళ్ళిపోయాక హెడ్డుగారు నవ్వి, ఈ పిల్ల ప్రిస్క్రిప్షన్ రాసేలోపు రోగికి మనవలు పుడతారన్నారు. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. కాగితం మీద, తనకు తెలిసిన మాటల్లోకెల్లా పెద్ద మాట రాసింది. నిదానం. రాసి, కింద గీత కూడా గీసింది.

*

మర్నాడు వార్డులో రౌండ్స్ మొదలుకాకముందే హెడ్ నర్సు ఫిర్యాదు పట్టుకుని ఎదురొచ్చింది. ఈసీజీ కాగితం చుట్టలు నెలకు సరిపడా తెప్పిస్తే పది రోజుల్లో అయిపోతున్నాయట.

"ఎవరు వాడుతున్నారు?"

హెడ్ నర్సు గొంతు తగ్గించింది. "ఇంకెవరు మేడమ్. కాలు బెణికి వచ్చినవాడికి కూడా తీస్తున్నాడు. నిన్న ఒక ముసలాయనకు మూడుసార్లు తీశాడు. అడిగితే, ఉండండి సిస్టర్, ఉండండి అంటాడు. వెనకటి మనిషి కాడు."

మెరుపు అటు చివర మంచం దగ్గర ఉన్నాడు. రోగి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆయన మణికట్టు పట్టుకుని తన గడియారం చూసుకుంటున్నాడు. నాడి చూడటం ఎప్పుడో పూర్తయి ఉండాలి. చెయ్యి మాత్రం వదలలేదు. ప్రొఫెసరమ్మను చూసి లేచి నిలబడ్డాడు. బుగ్గలు లోపలికి పోయాయి. రెండు నెలలుగా వీళ్ళిద్దరి మధ్యా మాటలన్నీ పొటాషియం గురించీ ఎక్స్‌రేల గురించే.

ఇవాళ ఆమె దాటిపోబోతుంటే అతనే అన్నాడు. "మేడమ్. ఆ రోజు నేను కూర్చోలేదు."

ఆమె ఆగింది.

"ఆయన్ని నిలబడే చూశాను. ఇంకో చేత్తో వేరే ఎవరిదో కేస్ షీటు పట్టుకుని ఉన్నాను. ఆయన, థాంక్స్ బాబూ అని వెళ్ళారు."

తిడదామని ఉంది ఆమెకు. తల నిమురుదామనీ ఉంది. రెండూ చేతకాక, "ఆరో మంచం రోగికి సోడియం పరీక్ష పంపారా?" అని అడిగి కదిలింది.

మధ్యాహ్నం లెక్కల డాక్టరు తలుపు తట్టాడు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఏదో తప్పు చేసి చెప్పడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఇంటర్వ్యూల్లో బాగా మెప్పించినవాళ్ళు తర్వాత పనిలో ఎలా నిలబడ్డారో చూడమని పైవాళ్ళు అతనికి అప్పజెప్పారు. ఎనిమిదేళ్ళలో చేరిన నలభై ఎనిమిది మంది రెసిడెంట్ల పేర్లూ వేసుకుని, వార్డుల్లో హెడ్ నర్సులను విడివిడిగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మీ ఇంటి మనిషిని ఈ డాక్టరు చేతుల్లో పెడతారా? అవును, కాదు, అంతే.

"మంచి ప్రశ్నే," అంది ప్రొఫెసరమ్మ. ఆ మాట అనడానికి కొంచెం ఊపిరి కావలసి వచ్చింది.

"హెడ్డుగారి మార్కులకూ నర్సులు చెప్పినదానికీ ఏ సంబంధమూ లేదు మేడమ్. బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. అది ఊహించిందే. మీదే చిత్రంగా ఉంది." అతను తల గోక్కున్నాడు. "మీరు తొమ్మిదులు వేసినవాళ్ళను నర్సులు ఇంచుమించు అందరూ వద్దన్నారు. మీరు మూడు వేసినా, మిగతా మార్కుల పుణ్యమా అని చేరినవాళ్ళు ఐదుగురున్నారు. ఆ ఐదుగురినీ అందరూ కావాలన్నారు. మీ మార్కులు తిరగేస్తే బ్రహ్మాండంగా సరిపోతున్నాయి."

ఆమె మొహం ఎర్రబడింది. "నేను ఎవరికీ మూడు వేయలేదు."

"ఇదిగో మేడమ్, జాబితాలో..."

"మేం అంకెలే వేయం కదయ్యా. నిన్న నువ్వూ కూర్చున్నావు. మాటలు రాస్తాం."

లెక్కల డాక్టరు జాబితాను మళ్ళీ చూసుకున్నాడు. "మరి ఈ అంకెలు ఎవరు వేశారు?" అన్నాడు.

*

అంకెలు వేసింది గుమస్తాగారు. డిపార్టుమెంటు ఆఫీసులో ఇరవై ఆరేళ్ళ నుంచి ఉన్న మనిషి. ఎన్నడూ ఒక్క ఫైలు పోగొట్టలేదు. మూడో రోజు పొద్దున్నే ప్రొఫెసరమ్మ వెళ్ళి పాత ఇంటర్వ్యూ కాగితాలు, చేత్తో రాసినవి, చూడాలంటే ఆయన సంబరపడిపోయాడు. తడి స్పాంజి మీద వేలు అద్దుకుని, టేపుతో కట్టిన కట్టలు ఒక్కొక్కటీ విప్పాడు. ఇన్నాళ్ళకు ఎవరో తన పని చూడటానికి వచ్చారని ఆయన ఆనందం.

"మాటల్ని కూడటం ఎలాగండీ మరి? పాత హెడ్డుగారిని అడిగితే, నువ్వే ఏదో ఒకటి చూడవయ్యా అన్నారు. పట్టిక తయారుచేసి సంతకానికి పెట్టాను. పెట్టేశారు." బీరువా తలుపు తీసి లోపలివైపు అతికించిన కాగితం చూపించాడు. టైపు చేసినది, పసుపు పచ్చబడింది. చాలా చురుకు, పది. చురుకు, తొమ్మిది. బాగు, ఎనిమిది. ఫరవాలేదు, ఐదు. నిదానం, మూడు. మందం, ఒకటి.

ఆమె ఆ పట్టికను పైనుంచి కిందకు రెండుసార్లు చదివింది. "నిదానానికి మూడేమిటండీ?"

"అంటే, నిదానం మనిషని కదండీ," అన్నాడు గుమస్తాగారు. "మా ఆవిడ నన్ను రోజూ అంటుంది. బజారుకు పంపిస్తే నిదానం, స్నానానికి వెళ్తే నిదానం. అది పొగడ్త కాదని నాకు తెలుసు కదా."

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే. ఆమె ఇంట్లో నిదానం అంటే పొగడ్తల్లోకెల్లా పొగడ్త. నాన్న ఎవరినైనా మెచ్చుకుంటే, నిదానస్తుడమ్మా అనేవారు. ఆ మాట దాటి ఇంకో మెట్టు లేదు. పనికి ముందు ఆగి చూసేవాడు, తొణకనివాడు, రోగి మంచం పక్కన కూర్చోగలిగినవాడు. ఎనిమిదేళ్ళపాటు తనకు నచ్చినవాళ్ళందరికీ ఏరి ఏరి ఆ మాటే రాసింది. ఏటా జాబితా వచ్చినప్పుడు వాళ్ళు కనిపించకపోతే, నా మాట ఎప్పుడు చెల్లింది గనక అని విసుక్కుని ఊరుకుంది. చెల్లకపోవడమేమిటి, తన మాటే వాళ్ళను ఇంటికి పంపింది.

కట్టలన్నీ తిరగేస్తూ కూర్చుంది. నిదానం, నిదానం, చాలా నిదానం. ముప్ఫై ఒక్కమంది. అందులో చేరినవాళ్ళు ఐదుగురు. మిగతా ఇరవై ఆరుగురి మొహాలూ గుర్తు తెచ్చుకుందామని చూస్తే ఒక్కటీ రాలేదు. ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో, డాక్టర్లుగా ఉన్నారో లేదో. తీసుకోనివాళ్ళు ఎలా పనిచేసేవారో ఏ నర్సును అడిగితే తెలుస్తుంది. వాళ్ళంతా ఆ ఇరుకు గదిలో గోడ పొడుగునా నిలబడి, మేం ఏం తప్పు చెప్పామండీ అని అడుగుతున్నట్టే అనిపించింది ఆమెకు.

మూడేళ్ళ క్రితం నాటి కట్ట కోసం చెయ్యి చాచి, ఒకసారి వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాచింది. పదకొండో పేరు మెరుపుది. ఎదురుగా తన చేతిరాత, నీలి సిరా. నిదానం లేదు.

అది చూసిన మరుక్షణం అతని ఇంటర్వ్యూ మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, అడగబోయే ప్రశ్న తెలిసినట్టు తల ఊపుతూ, ఏడు జవాబులకు ఏడూ ఒప్పే చెప్పిన కుర్రాడు. వాటిలో రెండు, ప్రశ్న పూర్తికాకముందే చెప్పాడు. మేధావే, కానీ ఆగడు, వీణ్ణి ఇప్పుడే వార్డులోకి వదలకూడదు అనుకుని రాసిన మాట అది.

"దీనికి ఎంత వేశారు?" అని అడిగింది, తెలిసే.

గుమస్తాగారు వేలు పెట్టి చూశాడు. "ఇలాంటివి మీవి ఏటా ఒకటో రెండో ఉంటాయండీ. నిదానానికి మూడు కదా. అది లేదన్నారంటే చురుకన్నట్టే కదా. తొమ్మిది వేశాను." ఆమె మొహం చూసి ఆయన గొంతు సన్నబడింది. "మొదటిసారి అనుమానం వచ్చి అడుగుదామని వచ్చానండీ. మీరు రౌండ్స్‌లో ఉన్నారు. మళ్ళీ అడగొచ్చులే అనుకున్నాను."

నిజం చెప్పాలంటే ఆమెకు కోపం రాలేదు. సిగ్గుపడవలసిన సంతోషం వచ్చింది. ఇరవై ఆరుగురూ, బావగారూ, అందరూ ఒక్క క్షణం పక్కకు తప్పుకున్నారు. వద్దనే రాశాను. నేను వద్దనే రాశాను. ఆ పేజీని జిరాక్స్ తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది.

*

నాలుగో రోజు జాబితా ఖరారు చేసే మీటింగు. ప్రొఫెసరమ్మ బీరువా తలుపు మీది పట్టికను బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. హెడ్డుగారు చాలాసేపు కణతలు నొక్కుకున్నారు.

"పాతవి తవ్వితే ఎంతమంది వస్తారో ఆలోచించారా మేడమ్? మాకు రావలసిన సీటని?"

"వస్తే రానివ్వండి. నేను డైరెక్టరుగారికి రాసి ఇస్తున్నాను. నా సంతకంతోనే."

"మీ మాటకు మీకున్న అర్థం ఇంకొకరికి లేకపోవడం తప్పెలా అవుతుంది?"

"ఎనిమిదేళ్ళు అడగకపోవడం అవుతుంది," అంది ఆమె. ఆ మాట తడుముకోకుండానే వచ్చింది.

ఆయన వాదించలేదు. ఈసారికి పట్టిక తీసేసి, ఎవరి అంకెలు వాళ్ళే వేయాలని తేల్చారు. ప్రొఫెసరమ్మ నలభై మందికీ మళ్ళీ మొదటినుంచి అంకెలు వేసింది. ఇరవై మూడో అమ్మాయికి తొమ్మిది వేసింది. హెడ్డుగారు ఐదు వేసి, ఆమె వైపు చూసి, కొట్టేసి ఆరు చేశారు. అన్నీ కూడితే అమ్మాయి ఆరుగురిలో నాలుగోది అయింది. పాత పట్టికతో లెక్కేసి ఉంటే పన్నెండోది అయ్యేదని లెక్కల డాక్టరు చెప్పాడు.

తలుపు దగ్గర అతను ఆమెతోపాటు నడిచాడు. "ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు మేడమ్. ఆ అమ్మాయి మంచి డాక్టరవుతుందని దాన్నిబట్టి చెప్పలేం. మీ ఐదుగురు కూడా ఐదుగురే, లెక్కకు చాలరు. నాకైతే నమ్మకం లేదు."

"నాకుందయ్యా," అంది ప్రొఫెసరమ్మ. రెండు నెలల్లో మొదటిసారి ఆమె మెట్లు గబగబా దిగింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. అక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కిటికీ వెలుగులో జాకెట్టు గుండీ కుట్టుకుంటోంది. రోజూలా గదిలోకి తప్పుకోకుండా ప్రొఫెసరమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క సూది ఆపి చూసింది.

"ఆ రోజు అడిగావే అక్కా, ఆ అబ్బాయిని ఏరుకున్నవాళ్ళలో నువ్వూ ఉన్నావా అని. ఇది చూడు. పదకొండో పేరు. అది నా రాత."

అక్క కళ్ళజోడు పెట్టుకుని కాగితం విప్పింది. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో భాష పాఠాలు చెప్పి, పిల్లల వ్యాసాలు దిద్దిన మనిషి. ఏం చదివినా మాట కింద వేలు పెట్టి చదువుతుంది. "నిదానం లేదు," అని పైకి చదివింది. "అంటే తొందర మనిషని. ఆగి చూడడని."

"అదే అక్కా. సరిగ్గా అదే."

ఇన్నేళ్ళలో ఆ మాటను సరిగ్గా చదివిన మనిషి అక్క ఒక్కతే. ప్రొఫెసరమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గుమస్తాగారి పట్టిక గురించి, మూడు గురించి, తొమ్మిది గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "నేను వద్దన్నానక్కా. నా చేత్తో రాశాను. వాళ్ళు తిరగేసి చదువుకున్నారు."

అక్క కాగితం మీదనుంచి వేలు తీయలేదు. కాసేపు మరోసారి చదువుతున్నట్టే ఉంది.

"ఇది రాసి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"అయితే అతను ఇలాంటివాడని నీకు మూడేళ్ళ క్రితమే తెలుసు."

ప్రొఫెసరమ్మ కాగితం వైపు చూసింది.

"మరి ఆ సాయంత్రం ఫోన్లో, మంచి కుర్రాడు, బావగారిని కళ్ళు మూసుకుని పంపించెయ్ అన్నావేమే?"

గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది, జవాబు కోసం ఆగింది కూడా. మీటింగు జరుగుతోంది అని చెప్పవచ్చు. అతను జాబితాలో మొదటివాడు, అందరూ మెచ్చుకునేవారు, వాళ్ళతోపాటు నేనూ మెచ్చుకోవడం మొదలుపెట్టాను అని చెప్పవచ్చు. నా కళ్ళతో చూసి రాసింది మరిచిపోయి, నా పేరు మీద ఎవరో వేసిన అంకెను నమ్మాను అని చెప్పవచ్చు. అన్నీ నిజాలే. అక్క మొహం చూస్తూ వాటిలో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

అక్క కాగితాన్ని ఉన్న మడతల వెంటే మడిచి, బల్ల మీద చెల్లెలి వైపు జరిపింది. దారం కొసను పంటితో కొరికి, సూదిని డబ్బాలో పెట్టింది.

"భోజనం వడ్డిస్తాను, రా," అని లేచింది. ప్రొఫెసరమ్మ లేవలేకపోయింది.